పిల్లవాడి ప్రశ్నతో మొదలయ్యే పండుగ: పస్కాను పిల్లలకు ఎలా నేర్పాలి?

శ్రమకాల దినాలు వచ్చాయంటే మన సండే స్కూళ్లలో పస్కా పాఠం వస్తుంది. ఫ్లాష్ కార్డుల మీద గొఱ్ఱెపిల్ల, గుమ్మం, గుమ్మానికి ఎర్రరంగు, చీకట్లో మూటలు ఎత్తుకుని బయలుదేరే జనం. పాఠం అయ్యాక కంఠత వాక్యం, ఆ తరువాత బొమ్మకు రంగులు. పిల్లలు ఇళ్లకు వెళ్తారు. మరుసటి సంవత్సరం మళ్లీ అవే కార్డులు.

కొన్నేళ్ల క్రితం మేము అలాంటి తరగతి ఒకటి నడిపిస్తుండగా ఎనిమిదేళ్ల బాబు లేచి నిలబడి, "అయ్యగారూ, ఐగుప్తు పిల్లలు ఏం తప్పు చేశారు?" అని అడిగాడు. ఆరాధనకు గంట కొట్టే సమయమైంది. "పెద్దయ్యాక తెలుస్తుంది, కూర్చో నాన్నా" అన్నాము. వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్లీ ఏమీ అడగలేదు.

తరువాత ప్రసంగం సిద్ధం చేసుకుంటూ నిర్గమకాండము 12వ అధ్యాయం చదువుతుంటే 26వ వచనం దగ్గర మేము ఆగిపోయాము. పస్కాను ఎలా ఆచరించాలో చెప్తున్న చోటే, రేపు మీ పిల్లలు దీని అర్థమేమిటని అడుగుతారు, అప్పుడు ఈ విధంగా చెప్పండి అనే ఏర్పాటు కూడా ఉంది. గొఱ్ఱెపిల్ల, పులియని రొట్టె, చేదు కూరలు ఎలా పండుగలో భాగమో పిల్లవాడి ప్రశ్న కూడా అలాగే భాగం. ఆ బాబును కూర్చోబెట్టినప్పుడు పండుగలో ఒక భాగాన్ని మేమే తీసివేశామని అప్పుడు తెలిసింది.

అందుకే తల్లిదండ్రులకు, సండే స్కూలు ఉపాధ్యాయులకు చేతికింద ఉండేలా పస్కా గురించి తెలియవలసిన సంగతులను, వాటిని పిల్లలకు అందించే తీరును ఇక్కడ ఒకచోట చేర్చుతున్నాము.

లేఖనంలో నాలుగు చోట్ల

ధర్మశాస్త్రంలో బిడ్డకు విడుదల కథ చెప్పమనే మాట నాలుగు చోట్ల కనిపిస్తుంది: నిర్గమ 12:26, నిర్గమ 13:8, నిర్గమ 13:14, ద్వితీయోపదేశకాండము 6:20. వీటిలో మూడు చోట్ల బిడ్డ అడుగుతాడు, తండ్రి చెప్తాడు. నిర్గమ 13:8లో మాత్రం ప్రశ్న లేదు. బిడ్డ అడగకపోయినా చెప్పాలి.

ఈ నాలుగు చోట్లను ఆధారం చేసుకుని యూదుల బోధకులు నలుగురు పిల్లల గురించి చెప్పారు. ఒకడు బుద్ధిమంతుడు, ఆజ్ఞలన్నీ వివరంగా అడుగుతాడు. ఒకడు ఎదురు తిరిగేవాడు, ఈ పండుగ మీదే గాని నాది కాదన్నట్టు మాట్లాడతాడు. ఒకడు అమాయకుడు, ఇదేమిటని మాత్రం అడుగుతాడు. నాలుగవవాడికి అడగడమే తెలియదు. పస్కా రాత్రి నలుగురికీ బల్ల దగ్గర చోటుంది. ఎవరి తీరును బట్టి వారికి జవాబు చెప్పాలి. మన తరగతుల్లోనూ ఈ నలుగురు ఉంటారు. సాధారణంగా మొదటివాడికి బహుమతి ఇస్తాము, రెండవవాడిని బయట నిలబెడతాము, మిగిలిన ఇద్దరిని గమనించము.

యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నుండి తెచ్చి నిలిపిన పన్నెండు రాళ్ల ఉద్దేశం కూడా ఇదే. పిల్లలు ఆ రాళ్లు చూసి అడగాలి, పెద్దలు చెప్పాలి. బిడ్డ కంటికి కనబడేది, చేతికి తగిలేది, నోటికి రుచి తెలిసేది ముందు ఉంచి, ఆ తరువాత అతని ప్రశ్న కోసం ఆగడం దేవుడు తన జనులకు నేర్పిన పద్ధతి.

మొదటి బల్ల: ఐగుప్తులో ఆ రాత్రి

పస్కా గురించి చెప్పేటప్పుడు మూడు బల్లలను వేరువేరుగా ఉంచుకోవాలని మా మనవి. మొదటిది లేఖనంలోని పస్కా, రెండవది నేటి యూదుల ఇళ్లలోని పస్కా, మూడవది మన ప్రభువు బల్ల. మూడింటికీ సంబంధం ఉంది. కాని మూడింటినీ ఒకే పాత్రలో కలిపేస్తే పిల్లలకు ఏదీ స్పష్టంగా అర్థం కాదు.

మొదటి పస్కాలో ఉపాధ్యాయులు తరచుగా దాటిపోయే కొన్ని వివరాలున్నాయి. మొదటి నెల పదవ దినాన ఏడాది వయసున్న, ఏ లోపమూ లేని మగపిల్లను ఎంచుకోవాలి. అది గొఱ్ఱెల్లో నుండి కావచ్చు, మేకల్లో నుండి కావచ్చు (నిర్గమ 12:5). పద్నాలుగవ దినం సాయంకాలం వరకు దాన్ని ఉంచుకోవాలి. అంటే నాలుగు రోజులు ఆ పిల్ల ఇంటివాళ్ల కళ్లముందే ఉంటుంది. ఆ ఇంటి పిల్లలు దానికి మేత వేసి ఉంటారు, పేరు కూడా పెట్టుకుని ఉండవచ్చు. ఈ మాట చెప్పి చూడండి, తరగతి నిశ్శబ్దమైపోతుంది. పాపక్షమాపణకు ఒక ప్రాణం ఖరీదు అయిందన్న సంగతి అప్పుడు వారికి కొంత అందుతుంది.

కుటుంబం చిన్నదై పిల్ల మొత్తాన్ని తినలేకపోతే పొరుగింటివారితో కలిసి తినాలి (12:4). మాంసాన్ని పచ్చిగా గాని నీళ్లలో ఉడికించి గాని తినకూడదు, నిప్పుమీద కాల్చాలి. ఉదయం వరకు ఏమీ మిగల్చకూడదు. ఒక్క ఎముకైనా విరవకూడదు (12:46). నడుము కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని త్వరగా తినాలి. రక్తాన్ని హిస్సోపు కుంచెతో ద్వారబంధపు రెండు నిలువు కమ్ములకు, పై కమ్మికి తగిలించాలి.

ఐగుప్తు నుండి బయలుదేరినవారు ఇశ్రాయేలీయులు మాత్రమే కారు. వారితో కలిసి అన్యజనులు కూడా అనేకులు వెళ్లారు (12:38). సున్నతి పొందిన పరదేశి కూడా పస్కా ఆచరించవచ్చని, దేశంలో పుట్టినవాడికీ పరదేశికీ ఒకటే విధి అని అదే అధ్యాయం చివర ఉంది.

ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం నాటికి పస్కా బలిని దేవుడు ఏర్పరచుకున్న స్థలంలోనే అర్పించాలి. అప్పటినుండి ఇది యెరూషలేముకు యాత్రగా వెళ్లే పండుగ అయింది. గుమ్మాలకు రక్తం పూయడం ఐగుప్తులోని ఆ ఒక్క రాత్రికే చెందిందని యూదుల మిష్నా కూడా స్పష్టంగా చెప్తుంది. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయాన్ని పడగొట్టాక యూదులు పస్కా బలి అర్పించడం ఆగిపోయింది. సమరయులు మాత్రం నేటికీ ప్రతి సంవత్సరం గెరిజీము కొండమీద గొఱ్ఱెపిల్లలను వధించి పస్కా ఆచరిస్తారు. యోహాను 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ ప్రభువుతో ప్రస్తావించిన కొండ అదే అని చెప్తే పిల్లలు ఆశ్చర్యపోతారు.

రెండవ బల్ల: నేటి యూదుల ఇంట్లో

యూదులు నీసాను నెల పద్నాలుగవ దినం ముగిసి పదిహేనవ దినం మొదలయ్యే రాత్రి ఇంట్లో కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ భోజనాన్ని సెదెర్ అంటారు. ఆ మాటకు క్రమం అని అర్థం. దానిలో పదిహేను అంచెలున్నాయి. చదివే పుస్తకం పేరు హగ్గదా, అంటే చెప్పడం. బిడ్డకు చెప్పమన్న నిర్గమ 13:8 ఆజ్ఞ నుండే ఆ పేరు వచ్చింది. పండుగ ఇశ్రాయేలు దేశంలో ఏడు రోజులు, బయటి దేశాల్లోని చాలా యూదు కుటుంబాల్లో ఎనిమిది రోజులు సాగుతుంది.

ముందటి రాత్రి ఇల్లంతా చీకటి చేసి, కొవ్వొత్తి వెలుగులో పులిసిన దాన్ని వెదుకుతారు. పక్షి ఈకతో చెక్క గరిటెలోకి ఊడుస్తారు. వెదికేవాళ్లకు ఏదో ఒకటి దొరకాలని పది రొట్టె ముక్కలను ముందే దాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దొరికినదాన్ని మరునాటి ఉదయం కాల్చేస్తారు.

పులియని రొట్టె పేరు మత్సా. పిండిలో నీళ్లు పోసినప్పటి నుండి కాల్చడం పూర్తయ్యేవరకు 18 నిమిషాలు దాటకూడదని నియమం. బల్లమీది పళ్లెంలో చేదు కూర ఉంటుంది. కాల్చిన ఎముక ముక్క ఉంటుంది, అది ఆగిపోయిన బలికి గుర్తు. ఉడికించిన గుడ్డు, ఆకుకూర ఉంటాయి. పండ్లు, గింజలు నూరి చేసిన తియ్యని ముద్ద ఒకటి ఉంటుంది. దాన్ని హరోసెత్ అంటారు. పితరులు ఇటుకలు చేసిన మట్టికి అది గుర్తు. ఆకుకూరను ఉప్పునీళ్లలో ముంచి తింటారు, అవి కన్నీళ్లకు గుర్తు అంటారు. నాలుగు పాత్రల ద్రాక్షారసం తాగుతారు. నిర్గమ 6:6-7లో దేవుడు చేసిన నాలుగు వాగ్దానాలకు అవి గుర్తని ఒక వివరణ.

ఈ క్రమమంతా పిల్లలను మేలుకొల్పి ఉంచడానికి అల్లినట్టు ఉంటుంది. ఇంట్లో అందరికంటే చిన్నవాడు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరుగా ఉందన్నది వాటి సారాంశం. పులియని రొట్టె గురించి, చేదు కూర గురించి, రెండుసార్లు ముంచడం గురించి, ఆనుకుని కూర్చోవడం గురించి అడుగుతాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో ఆనుకుని కూర్చోవడానికి బదులు కాల్చిన మాంసం గురించిన ప్రశ్న ఉంది. దేవాలయం పోయాక బలి మాంసం లేదు, కనుక ఆ ప్రశ్న మారింది. బిడ్డకు అడగడం రాకపోతే తండ్రి నేర్పించాలని అక్కడే ఉంది. తల్ముదు ఇంకా ముందుకు వెళ్తుంది. బిడ్డ లేకపోతే భార్య అడగాలి, ఎవరూ లేకపోతే మనిషి తనను తానే అడగాలి. ఇద్దరు పండితులే ఉన్నా ఒకరినొకరు అడగవలసిందే. పిల్లలు నిద్రపోకుండా అడుగుతూ ఉండాలని వారికి వేయించిన ధాన్యం, గింజలు పంచమని కూడా ఆ గ్రంథంలో ఉంది. నేటి ఇళ్లలో ఒక మత్సా ముక్కను దాచిపెడతారు. దాన్ని అఫికోమన్ అంటారు. పిల్లలు వెదికి తెస్తే చిన్న బహుమానం ఇచ్చి గాని భోజనం ముగించరు.

పది తెగుళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క చుక్క ద్రాక్షారసాన్ని పాత్రలో నుండి తీసివేస్తారు. మన విడుదల కోసం ఇతరులు ప్రాణాలు కోల్పోయారు కనుక మన ఆనందపాత్ర నిండుగా ఉండకూడదని చాలామంది దీనికి అర్థం చెప్తారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. కష్టమైన ప్రశ్న దగ్గర మళ్లీ పనికివస్తుంది.

యూదులు ఎక్కడో దూరదేశాల్లో ఉన్నవారని మన పిల్లలు అనుకుంటారు. కొచ్చిలోని పరదేశి సమాజమందిరం 1568 నాటిది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. వారు తెలుగు మాట్లాడుతూ యూదుల ఆచారాలు పాటిస్తారు.

మూడవ బల్ల: ప్రభువు బల్ల

యేసు ప్రభువు తల్లిదండ్రులు ప్రతి సంవత్సరం పస్కాకు యెరూషలేముకు వెళ్లేవారు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు ఏమైందో లూకా 2:41-47లో ఉంది. తల్లిదండ్రులు మూడు దినాలు వెదికాక ఆయన దేవాలయంలో బోధకుల మధ్య కనిపించాడు. వారి మాటలు వింటున్నాడు, వారిని ప్రశ్నలు అడుగుతున్నాడు. పస్కా కాలంలో ప్రశ్నలు అడిగే బాలుడిగా లూకా మన ప్రభువును చూపించాడు. సండే స్కూలులో ప్రశ్న అడిగిన బాబును కూర్చోబెట్టే ముందు ఈ వచనాలు గుర్తుకు రావాలి.

ఆ తరువాత, శ్రమపడటానికి ముందు, ఆ పస్కాను శిష్యులతో భుజించాలని ప్రభువు ఎంతో ఆశపడ్డాడు (లూకా 22:15). భోజనం తరువాత కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారు (మార్కు 14:26). పస్కా రాత్రి యూదులు పాడేవి 113 నుండి 118 వరకు ఉన్న కీర్తనలు. ఆ రాత్రి ప్రభువు నోట కూడా ఇవే కీర్తనలు ఉండవచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. గురువారం సాయంకాలం పిల్లలతో వీటిలో ఒకదాన్ని చదివించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నేటి సెదెర్‌లోని అనేక అంచెలు దేవాలయం కూలిన తరువాత రూపుదిద్దుకున్నాయి. కాబట్టి నేటి బల్లను చూపించి, మేడగదిలో సరిగ్గా ఇలాగే జరిగిందని పిల్లలకు చెప్పకూడదు. మొదటి మూడు సువార్తలు ఆ భోజనాన్ని పస్కా భోజనమని చెప్తాయి. యోహాను సువార్తలో ప్రభువు సిలువ మరణం పస్కాను సిద్ధపరచు దినాన జరుగుతుంది (19:14). ప్రభువు ఎముక ఒక్కటి కూడా విరవబడలేదని యోహాను చెప్పినప్పుడు నిర్గమ 12:46 మన జ్ఞాపకానికి రావాలి. పౌలు క్రీస్తునే మన పస్కా అని పిలిచి, పాత పులిపిండిని తీసిపారవేయమని కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీ 5:7-8). మన పస్కా బోధ అంతా చేరవలసిన చోటు ఇదే.

మన దేశంలో ఈ బల్లను ఇంటిదాకా తెచ్చుకున్న క్రైస్తవులు కేరళలోని తోమా క్రైస్తవులు. పరిశుద్ధ గురువారం రాత్రి వారి ఇళ్లలో పులియని పిండితో పెసహా అప్పం, కొబ్బరిపాలు, బెల్లంతో పెసహా పాలు చేస్తారు. ఇంటి పెద్ద ప్రార్థించి, అప్పం కోసి అందరికీ పంచుతాడు. అది వారి సంఘం ఇచ్చే సంస్కారానికి బదులు కాదు. పిల్లలకు ఆ రాత్రి ఇంట్లోనే గుర్తుండిపోయే ఏర్పాటు.

తేదీలు ఎందుకు కలవవు?

పెద్దపిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. 2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది, పస్కా ఏప్రిల్ 22 సాయంకాలం మొదలైంది. 2026లో పస్కా ఏప్రిల్ 1 సాయంకాలం, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. యూదుల నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. ఋతువులతో కలవడానికి 19 సంవత్సరాల్లో ఏడుసార్లు ఒక నెల అధికంగా చేర్చుతారు. అధిక మాసం సంగతి తెలిసిన తెలుగువారికి ఇది తేలికగా అర్థమవుతుంది. క్రీ.శ. 325లో నీకయ సభ తరువాత క్రైస్తవులు ఈస్టర్ తేదీని యూదుల లెక్కతో సంబంధం లేకుండా నిర్ణయించుకునే దారి పట్టారు.

వయసును బట్టి

మూడు నుండి ఆరేళ్ల పిల్లలకు మరణాల సంగతి ముందు పెట్టకండి. తన జనుల మొర దేవుడు విన్నాడన్న దగ్గర మొదలుపెట్టండి (నిర్గమ 3:7). పులియడం అంటే ఏమిటో మన వంటింట్లోనే ఉంది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండిని, ఉదయం పొంగిన పిండిని చూపించండి. తరువాత గోధుమపిండిలో నీళ్లు మాత్రమే కలిపి పలుచని రొట్టెలు ఒత్తించండి, గడియారం పెట్టి 18 నిమిషాల్లో పెద్దలు కాల్చి ఇవ్వండి. పిండి పొంగే వరకు ఆగడానికి తీరికలేనంత తొందరగా వారు బయలుదేరారని ఆ రొట్టె నములుతూ పిల్లలే గ్రహిస్తారు. గోధుమ పడని పిల్లలు ఉన్నారేమో ముందే కనుక్కోండి. చేదుకు ఒక చిన్న మెంతి ఆకు చాలు. వేపపువ్వు రుచి తెలిసిన మన పిల్లలు చేదుకు అంతగా భయపడరు.

ఏడు నుండి పదకొండేళ్ల పిల్లలతో నిర్గమ 12:1-14 చదివించి, ఒక్కొక్కరిని ఒక్కొక్క ప్రశ్న కాగితం మీద రాసి డబ్బాలో వేయమనండి. పేరు రాయనక్కరలేదు. మీ పాఠం ఆ డబ్బాలో నుండి రావాలి. ఐగుప్తు దాస్యాన్ని వర్ణించేటప్పుడు మన తెలుగు బైబిలు వాడిన మాట వెట్టి. తాతయ్యల, నాయనమ్మల కాలంలో వెట్టి చేసిన కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. వెట్టిచాకిరీని నిషేధించే చట్టం దేశంలో 1976లో వచ్చింది. పిల్లలు ఇంటికి వెళ్లి, "మన ఇంట్లో ఎవరైనా వెట్టి చేశారా? ఎలా బయటపడ్డారు?" అని పెద్దలను అడిగి రావాలి. చెప్పడానికి ఇష్టపడనివారిని బలవంతం చేయవద్దు. ఇశ్రాయేలీయులు ఇటుకలు చేశారని చదివిన పిల్లలకు ఊరి చివరి ఇటుక బట్టీలో ఒడిశా నుండి వచ్చి పనిచేసే కుటుంబాలు ఎందుకు వచ్చాయో కూడా తెలియాలి.

పన్నెండేళ్లు దాటినవారికి నాలుగు సువార్తల్లోని చివరి భోజనాన్ని పక్కపక్కన పెట్టి చదివించండి. తేడాలు వారే కనిపెట్టనివ్వండి. మన దగ్గర అడగలేకపోయిన ప్రశ్నలను వారు రేపు హాస్టల్లో ఫోనును అడుగుతారు.

కష్టమైన ప్రశ్నలు

ఐగుప్తు పిల్లలు ఏం తప్పు చేశారు? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకండి. ముందుగా, ఇది మంచి ప్రశ్న అని ఆ బిడ్డతో అనండి. తరువాత లేఖనం చెప్పినంత చెప్పండి. ఇంతకుముందు ఫరో హెబ్రీయుల మగశిశువులను నదిలో పారవేయమని ఆజ్ఞాపించాడు (నిర్గమ 1:22). తొమ్మిది తెగుళ్లు వచ్చినా జనాన్ని పంపలేదు. రాజు మొండితనానికి ప్రజలు, వారి పిల్లలు బాధపడ్డారు. ఆ రాత్రి ఐగుప్తులో లేచిన మహా ఘోషను బైబిలు దాచిపెట్టలేదు (12:30). ఇశ్రాయేలీయుల ఇళ్లు కూడా వారి మంచితనం వల్ల తప్పించుకోలేదు, రక్తం చాటున తప్పించుకున్నాయి. యూదులు నేటికీ పండుగ బల్ల దగ్గర ఆ చుక్కలు తీసివేస్తారని చెప్పండి. అప్పటికీ బిడ్డ ముఖంలో దుఃఖం మిగిలితే, మిగలనివ్వండి. "నాకూ పూర్తిగా అర్థం కాలేదు, దేవుణ్ణి నేనూ అడుగుతున్నాను" అనడం ఉపాధ్యాయుడికి అవమానం కాదు. చివరకు దేవుడు తన సొంత జ్యేష్ఠకుమారుణ్ణే ఇచ్చాడన్న సువార్తను ఆ దుఃఖంలో వినే బిడ్డ మరింత లోతుగా వింటాడు.

మన గుమ్మానికి కూడా రక్తం పూయాలా? జాతరల్లో మేకలను బలివ్వడం చూసే పిల్లలు ఇది అడుగుతారు. పూయనక్కరలేదు. ఆ గుర్తు ఐగుప్తులోని ఆ రాత్రికే. క్రీస్తు ఒక్కసారే అర్పింపబడ్డాడు (హెబ్రీ 9:28). గుమ్మానికి ఎర్రరంగు పూసుకుంటే కీడు రాదని ఎవరైనా చెప్తే, అది పస్కాను తాయెత్తుగా మార్చడమే.

మనం కూడా సెదెర్ చేయవచ్చా? విశ్వాసులు దీనిపై వేర్వేరుగా ఆలోచిస్తారు. మా ఆలోచన ఇది. రొట్టె, చేదు ఆకు, ఉప్పునీళ్లు ముందు పెట్టుకుని నిర్గమకాండము చదవడం మంచి బోధ. యూదుల ప్రార్థనలను, వారి బల్లను తీసుకుని, ప్రతి అంచెకూ మన అర్థం అతికించి, వారి కంటే మనకే బాగా తెలుసన్నట్టు ప్రదర్శించడం మర్యాద కాదు. వారి పండుగ వారిదని చెప్పి, దాన్నుండి నేర్చుకుందాం.

యేసును యూదులు చంపారా? ఇది పిల్లలు పెద్దల మాటల్లో విని పట్టుకునే మాట. దీన్ని అక్కడే ఆపాలి. ప్రభువు యూదుడు. మరియ, పేతురు, యోహాను, పౌలు యూదులు. సిలువ వేయమని తీర్పు చెప్పింది రోమా అధిపతి, వేసింది రోమా సైనికులు. మన పాపాలే ఆయనను అక్కడికి తెచ్చాయని గుడ్ ఫ్రైడేనాడు మనం ఒప్పుకుంటాము. మత్తయి 27:25ను ఒక జాతి మొత్తం మీద శాపంగా చదివిన చరిత్ర భయంకరమైనది. యూదులు పస్కా కోసం క్రైస్తవ పిల్లలను చంపుతారనే అబద్ధం ఐరోపాలో శతాబ్దాల తరబడి ప్రచారమైంది. ఆ అబద్ధమే రగిలించగా 1903 ఈస్టర్ ఆదివారంనాడు, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ పట్టణంలో అల్లరిమూకలు యూదుల ఇళ్ల మీద పడ్డాయి. 49 మంది చనిపోయారు. ప్రభువు లేచిన దినాన ఆయన జనాన్నే చంపారు. అంటుకట్టబడిన కొమ్మలు వేరుమీద అతిశయపడకూడదని రోమా 11వ అధ్యాయం ముందే హెచ్చరించింది. పస్కా పాఠం నేర్పేవారందరూ ఈ మాటను పిల్లలకు అందించాలి.

ఈ వారమే

ఈసారి పస్కా పాఠానికి ముప్పై నిమిషాలు ఉంటే, పదిహేను నిమిషాలే మాట్లాడండి. మిగతా పదిహేను పిల్లలకు వదిలేయండి. మొదట ఎవరూ నోరు తెరవకపోవచ్చు. అడగడం రాని బిడ్డకు నేర్పించాలన్న మాట అప్పుడు గుర్తు చేసుకుని, మొదటి ప్రశ్న మీరే అడగండి. ఇంట్లో తల్లిదండ్రులు గురువారం సాయంకాలం టీవీ ఆపి, పులియని రొట్టె ఒకటి బల్లమీద పెట్టి ఊరుకోండి. ఇదేమిటని ఎవరో ఒకరు అడుగుతారు.

మేము కూర్చోబెట్టిన ఆ బాబు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. కిందటి ఈస్టర్‌కు ఊరికి వచ్చినప్పుడు ఆనాటి ప్రశ్నను మేమే గుర్తు చేసి, అప్పుడు జవాబు చెప్పనందుకు క్షమించమని అడిగాము. అతనికి అంతా గుర్తుంది. ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని, గంటసేపు మాట్లాడుకున్నాము. ఆఖరున అతను ఇంకో ప్రశ్న అడిగాడు. దానికి జవాబు ఇంకా వెదుకుతున్నాము.